గుత్తి కోటకు ఒక్క రోజులో వెళ్లి రావడం ఎలా?

అనంతపురానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి ఉంది. ఆ దారిన ప్రయాణించేవారిలో చాలామంది కొండ మీది గోడలను బస్సు కిటికీలోంచి చూసి, ఎప్పుడైనా తీరిక చేసుకొని ఎక్కాలని అనుకొని, అంతటితో వదిలేస్తుంటారు. నిజానికి ఈ కోటకు ఒక్క రోజు సరిపోతుంది. పెద్ద ఖర్చు లేదు, ముందస్తు బుకింగుల బెడద లేదు. అయితే మైదానం నుంచి దాదాపు వెయ్యి అడుగులు లేచిన రాతికొండ కాబట్టి ఆ రోజంతటినీ రెండే రెండు విషయాలను బట్టి అమర్చుకోవాలి: ఒకటి ఎండ, రెండోది నీళ్లు. కింద చెప్పిన క్రమం కర్నూలు, అనంతపురం, కడప వైపుల నుంచి కుటుంబంతోనో మిత్రులతోనో వెళ్లి, రాత్రికి ఇల్లు చేరుకోదలచిన వారి కోసం.

కాలం ఎంచుకోవడం

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా వెళ్లడం అన్నివిధాలా మేలు. అనంతపురం ప్రాంతం దేశంలోనే అతి తక్కువ వాన పడే చోట్లలో ఒకటి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం కూడా అనుమానమే. అందువల్ల కొండ మీద దట్టమైన చెట్ల నీడ ఉంటుందని ఊహించుకోకూడదు. మార్చి దాటాక ఇక్కడి నల్లరాతి బండలు ఉదయం తొమ్మిదింటికే వేడెక్కడం మొదలుపెట్టి, సూర్యుడు వాలిన తరువాత కూడా చాలాసేపు సెగలు కక్కుతూ ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలను, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని ఎక్కవలసినంత అవసరం ఎవరికీ ఉండదు.

వానలు పడిన తరువాత, అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, కొండ పచ్చగా కనిపిస్తుంది, గాలి తేటగా ఉండి దూరపు గుట్టలు కూడా స్పష్టంగా కనబడతాయి. కాని అప్పుడు అరిగిపోయిన రాతిమెట్ల మీద పాచి పడుతుంది, గడ్డి మోకాలెత్తు పెరిగి దారిని కప్పేస్తుంది, గడ్డిలో ఏముందో తెలియదు. ఆ కాలంలోనే వెళ్లాలనుకుంటే చేతిలో ఒక కర్ర ఉంచుకొని, అడుగు వేసేముందు దానితో గడ్డిని కదిలించి నడవండి. వాన పడుతున్న రోజున మాత్రం ఎక్కవద్దు.

చేరుకోవడం

మీ ప్రయాణాన్ని వెనక నుంచి లెక్క వేసుకోండి. ఉదయం ఏడున్నరకల్లా కొండ ఎక్కడం మొదలుపెట్టాలంటే ఆరున్నరకు గుత్తిలో ఉండాలి. అనంతపురం నుంచి వచ్చేవారు ఐదింటికి బయలుదేరితే చాలు. కర్నూలు వైపు బస్సులన్నీ ఈ దారినే పోతాయి, పామిడి దగ్గర పెన్నా వంతెన దాటాక గుత్తి ఎంతో దూరం ఉండదు. కర్నూలు నుంచి దాదాపు 95 కిలోమీటర్లు కాబట్టి నాలుగున్నర ప్రాంతంలో కదలాలి. కడపవారికి రైలు అనుకూలం. ఎర్రగుంట్ల, ముద్దనూరు, తాడిపత్రి మీదుగా వచ్చే లైను నేరుగా గుత్తి జంక్షనుకు చేరుస్తుంది. ఏ రైలు ఆగుతుందో, ఏది నేరుగా గుంతకల్లుకు పోతుందో టికెట్టు తీసుకునేముందే చూసుకోండి. గుంతకల్లులో దిగవలసి వస్తే అక్కడి నుంచి గుత్తికి మరో 30 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం ఉంటుంది.

కొత్తవారు తికమకపడే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. స్థానికులు గుత్తి అన్నా, గుత్తి ఆర్.ఎస్. అన్నా ఒకటే ఊరు కాదు. రైల్వే స్టేషను చుట్టూ పెరిగిన పేట గుత్తి ఆర్.ఎస్.; కోట, బస్టాండు, పాత బజారు ఉన్నది గుత్తిలో. రెండింటి మధ్య సుమారు మూడు కిలోమీటర్లు ఉంటుంది. రైలు దిగినవారు ఆటో ఎక్కేటప్పుడు కోట దగ్గరికి వెళ్లాలని స్పష్టంగా చెప్పండి. సొంత కారులో వచ్చేవారు బైపాసు మీద ముందుకు సాగిపోకుండా ఊరిలోకి తిరగాలి.

ముందు రోజు రాత్రి సద్ది సిద్ధం చేసుకోవడం

కొండపైన అంగడి ఉంటుందనో, తాగే నీరు దొరుకుతుందనో నమ్ముకొని వెళ్లకండి. ఎక్కి, తిరిగి, దిగేసరికి నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్న భోజనం కిందికి వచ్చాక చేయవచ్చు గాని, మధ్యలో ఆకలికి ఆగే ఆహారం చేతిలో ఉండాలి. రాయలసీమలో పొలానికి పోయేవారు తరతరాలుగా కట్టుకుపోతున్న సద్ది ఇందుకు సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అది ఎండలో గంటల తరబడి ఉండి కూడా చెడిపోని తిండి.

జొన్నరొట్టెలు రాత్రే కాల్చి పెట్టుకోండి. మెత్తని రొట్టె ఆ పూటకు బాగుంటుంది, కాని మూటకు పనికిరాదు. కొంచెం పలుచగా తట్టి, పెనం మీద నీళ్లతడి ఆరేదాకా ఉంచి, ఆపై మంట సెగకు గట్టిగా కాల్చిన రొట్టె మరుసటి రోజు కూడా నిలుస్తుంది. వేడి పూర్తిగా పోయాక పాత నూలుగుడ్డలో చుట్టండి. వేడిగా ఉండగానే డబ్బాలో పెడితే ఆవిరికి తడిసి పొద్దునకు జిగురు పట్టేస్తుంది. దానిలోకి చెనిక్కాయల (వేరుశనగల) పొడి చేసుకోండి. విత్తనాలను సన్నసెగ మీద వేయించి పొట్టు తీసి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, జీలకర్ర, ఉప్పు కలిపి కచ్చాపచ్చాగా దంచితే చాలు. చెనిక్కాయలతో నూరే రోటిపచ్చడి ఊరిబిండి రుచిలో దీనికంటే ఎన్నో రెట్లు మేలన్న మాట నిజమే గాని, అందులో నీటితడి ఉంటుంది కాబట్టి ఎండలో మోసుకుపోవడానికి పొడే నమ్మకమైనది.

పిల్లలు రొట్టె తినకపోతే చిత్రాన్నం కట్టండి. అన్నాన్ని పళ్లెంలో ఆరబెట్టి, పోపులో చెనిక్కాయలు, పచ్చిమిరప, పసుపు వేసి కలిపి, పొయ్యి మీద నుంచి దించిన తరువాతే నిమ్మరసం పిండండి. మంట మీద పిండితే చేదెక్కుతుంది. పెరుగన్నం తీసుకుపోవాలనుకునేవారు రాత్రి మిగిలిన పెరుగు కలపకుండా, మెత్తగా ఉడికిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు తోడు వేసి, పొద్దున బయలుదేరేముందు మూత బిగించండి. అది దారిలో తోడుకొని పదిగంటల వేళకు కమ్మగా ఉంటుంది. కోడిగుడ్లు, మాంసపు కూరలు మూటలో వద్దు. వాటి వాసనకు కోతులు, చీమలు రెండూ చేరతాయి.

మిగతా సామాను గురించి ఎక్కువ చెప్పవలసిందేమీ లేదు. అడుగు పట్టుండే బూట్లు, తలకు కప్పుకోవడానికి ఒక తుండుగుడ్డ, చిన్న టార్చి, దెబ్బలకు పట్టీలు, చెత్త తిరిగి తేవడానికి ఒక సంచి ఉంటే చాలు.

నీళ్ల లెక్క

మనిషికి కనీసం రెండు లీటర్లు, చలికాలంలోనైనా సరే, ఎవరి సంచిలో వారివి పెట్టుకోవాలి. ఒక్కరి భుజాన పది లీటర్లు వేసి మిగతావారు చేతులూపుకుంటూ ఎక్కితే, సగం దారిలో ఆ ఒక్కరు వెనకబడతారు, నీళ్లు కావలసినవారు ముందు ఉంటారు. రెండు లీటర్లలో ఒక లీటరు ఎక్కేటప్పుడూ పైన తిరిగేటప్పుడూ తాగాలి, మిగిలిన లీటరును దిగడం మొదలుపెట్టేదాకా ముట్టకూడదు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఒక సీసా అదనంగా ఉంటే మరీ మంచిది.

ఈ జాగ్రత్త మరీ ఎక్కువనిపిస్తే గుత్తి కోట ఎలా పడిపోయిందో గుర్తు తెచ్చుకోండి. పద్దెనిమిదో శతాబ్దం నడుమ ఈ కోట మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే చేతికి వచ్చింది. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కుకున్న రాబర్ట్ క్లైవుకు సాయంగా కదిలినవాడు ఇతడే. దక్షిణాదిలో ఏ పక్షం గెలవాలన్నా ఇతని గుర్రపు దళాన్ని లెక్కలోకి తీసుకోవలసిన రోజులవి. హైదరాలీ బళ్లారిని లొంగదీసుకొని గుత్తి మీదికి వచ్చినప్పుడు కింది కోట, పేట ముందుగా పడిపోయాయి. జనమూ పశువులూ పైకోటలోకి చేరుకున్నాయి. ఫిరంగులకు లొంగని ఆ గోడల లోపల చెరువుల్లోనూ బావుల్లోనూ నీరు అడుగంటడంతో, 1776లో మురారిరావు కోటను అప్పగించక తప్పలేదు. ఆయనను కబ్బాళదుర్గానికి ఖైదీగా పంపించారు, అక్కడే ఆయన జీవితం ముగిసింది. పైన తిరిగేటప్పుడు మీకు రాతిలో తొలిచిన నీటి గుంటలు, కట్టిన బావులు అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిని చూడండి, వాటి దగ్గర ఆగి ఎంతమందికి ఎన్నాళ్లు సరిపోయేవో అంచనా వేయండి, కాని ఆ నీరు తాగకండి, పిల్లలను అంచుల దగ్గరికి పోనివ్వకండి. పాచిపట్టిన రాతి అంచు మీద జారితే పైకి రావడానికి పట్టు దొరకదు.

ఉదయం పలహారం

గుత్తిలో దిగగానే నేరుగా కొండ వైపు పోకుండా అరగంట పలహారానికి కేటాయించండి. ఇక్కడ ఇడ్లీ, దోశ దొరకవని కాదు గాని, ఈ ఊళ్లలో పొద్దున్నే తినవలసింది ఉగ్గాని. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరప, కరివేపాకు, పసుపుతో వేసిన పోపులో కలిపి, పైన వేయించిన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ తప్పనిసరి. తెలిసినవారు బజ్జీని విడిగా కొరుక్కోకుండా, తుంచి ఉగ్గానిలో కలుపుకొని తింటారు. బొరుగులు మరీ నాని ముద్దయిపోతే ఆ అంగడి వదిలేసి పక్క బండి చూసుకోవచ్చు. గింజకు గింజ విడిపోతూ, నోట్లో వేస్తే మెత్తగా ఉండాలి. బజ్జీ నూనె కాగిన ప్రతి వాయికీ జనం ఎగబడే బండి దగ్గర నిలబడితే వేడివేడిగా దొరుకుతుంది. తొమ్మిది, పది దాటితే ఉగ్గాని అయిపోతుంది, కాబట్టి దిగి వచ్చాక తిందామని వాయిదా వేయకండి.

ఎక్కడానికి ముందు కడుపునిండా తినడం మంచిది కాదు. ఒక పళ్లెం ఉగ్గాని, ఒక బజ్జీ, ఒక టీ చాలు. రెండో బజ్జీ మీద మనసు పోవడం సహజం, అయితే దాని ఫలితం మూడో ద్వారం దగ్గర తెలుస్తుంది.

కొండ ఎక్కడం

కోటకు దారి ఎటని ఊరిలో ఎవరినడిగినా చూపిస్తారు. పాత పేట వీధుల గుండా పోతూ కింది కోట గోడల్లోకి ప్రవేశించాక, కొండపాదం దగ్గర తెల్లవారి పాత శ్మశానం ఉంది. దానిని దిగి వచ్చాక చూద్దామని అనుకోకండి. అప్పటికి ఎండ, అలసట, ఆకలి మూడూ కలిసి మిమ్మల్ని ముందుకు నెట్టేస్తాయి. పోయేటప్పుడే పది నిమిషాలు ఆగండి.

ఇక్కడ ఆగవలసిన కారణం థామస్ మన్రో. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువారికి ఇచ్చివేసిన తరువాత, దత్త మండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నది ఆయనే. రైతు పేరిటే పట్టా ఇచ్చి శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని ఈ సీమలో పాతుకునేలా చేసిందీ ఆయనే. తరువాత మద్రాసు గవర్నరై, పదవీ విరమణకు ముందు పాత జిల్లాలను మరొక్కసారి చూడటానికి వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. కడప వైపు నుంచి వచ్చినవారికి ఈయన గురించి మరో కథ తెలిసే ఉంటుంది. వేంపల్లె దగ్గరి గండి క్షేత్రంలో రెండు కొండల నడుమ, పాపాఘ్ని నది మీద, మృత్యువు దగ్గరపడినవారికి మాత్రమే కనిపించే బంగారు తోరణం ఉందనీ, అది మన్రోకు కనిపించిందనీ చెప్పుకుంటారు. పిల్లలు వెంట ఉంటే ఈ కథ శ్మశానం దగ్గరే చెప్పండి, కొండ సగం దాకా ప్రశ్నలు అడుగుతూ అలుపు తెలియకుండా ఎక్కుతారు.

అక్కడి నుంచి రాళ్లు పరిచిన దారి మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. గుత్తి కోట ఒక్క గోడ చుట్టిన కోట కాదు. గుర్రపు నాడా ఆకారంలో వంగిన కొండవరుస మీది శిఖరాలకు విడివిడిగా కోటలు కట్టి, వాటన్నిటినీ గోడలతో కలిపి, మొత్తం పదిహేను ప్రధాన ద్వారాలు పెట్టారు. అన్నీ తిరగాలన్న పట్టుదలతో వస్తే రోజు చాలదు, ఒళ్లూ చాలదు. అన్నిటికంటే ఎత్తైన శిఖరం మీది పైకోటకు మాత్రమే గురి పెట్టుకోండి.

ఎక్కే పద్ధతి ఇది. మొదటి పావుగంట కావాలని నెమ్మదిగా నడవండి. చల్లని పొద్దున ఉత్సాహంతో పరుగెత్తినవారే తరువాత బండల మీద కూలబడతారు. ప్రతి ద్వారం దగ్గర లోపలి నీడలో రెండు నిమిషాలు ఆగి, నాలుగు గుక్కల నీళ్లు తాగి కదలండి. ఆగినప్పుడు ఆ ద్వారాల కట్టుబడిని గమనించండి. దారి నేరుగా ద్వారంలోకి పోకుండా దాని ముందే మలుపు తిరుగుతుంది. పరుగున వచ్చే శత్రువు అక్కడ వేగం తగ్గించుకోక తప్పదు, తలుపును మొద్దులతో గుద్దడానికి ఏనుగుకు వెనక్కి జరిగి వచ్చే చోటు మిగలదు, ఆ ఇరుకులో చిక్కినవారి మీదికి పైనున్న బురుజు నుంచి రాళ్లు దొర్లించవచ్చు. ఈ మలుపులను మీ కాళ్లతో నడిచి తెలుసుకోవడంలో ఉన్న స్పష్టత ఏ పటంలోనూ దొరకదు.

మెట్లు చాలాచోట్ల అరిగి నున్నగా ఉన్నాయి. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు జారే ప్రమాదం ఎక్కువ. దారి విడిచి అడ్డంగా బండల మీదుగా పోయే కాలిబాటలు కనిపిస్తే వాటిని మేకల కాపరులకే వదిలేయండి. బురుజుల కింద తేనెపట్లు కనిపిస్తే దూరంగా, చప్పుడు చేయకుండా దాటండి. అక్కడ పొగ తాగడం, రాళ్లు విసరడం వంటివి ప్రాణాల మీదికి తెస్తాయి. మధ్యమధ్య ఆగుతూ మామూలు నడకతో గంట నుంచి గంటన్నరలో పైకి చేరతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు రెండు మూడు ద్వారాల దాకా వచ్చి, నీడలో కూర్చుని ఉండటం మేలు. వారికి తోడుగా ఒకరిని, ఒక సీసా నీళ్లను తప్పక ఉంచండి.

పైకోటలో

పైకి చేరాక ముందుగా కూర్చుని సద్ది విప్పండి. ఆకలితో తిరిగితే ఏదీ సరిగా కనిపించదు. తిన్నాక చూడవలసినవాటిలో మొదటిది కొండ అంచున ఉన్న చిన్న మండపం. దానిని మురారిరావు గద్దె అంటారు. నున్నని సున్నపుపూత పూసిన ఆ మండపంలో కూర్చుని ఆయన చదరంగం ఆడేవాడని స్థానికంగా చెప్పుకుంటారు. కింద ఊరు, రైలు పట్టాలు, నల్లరేగడి చేలు, దూరంగా గుట్టలు అన్నీ ఒక్క చూపులో కనబడతాయి కాబట్టి, చదరంగం సంగతి ఎలా ఉన్నా కాపలా కాయడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. మండపం దాటితే నిలువు లోయ. ఫొటో కోసం వెనక్కి జరగడం, గోడ అంచున కాళ్లు వేలాడేసి కూర్చోవడం ఇక్కడ చేయకూడదు.

ధాన్యపు కొట్లు, మందుగుండు గది, వ్యాయామశాల అని చెప్పే కట్టడాలు శిథిలంగానైనా నిలిచి ఉన్నాయి. పైకప్పు పగిలిన గదుల్లోకి తొందరపడి దూరకండి. టార్చి వేసి, గబ్బిలాలున్నాయో లేదో చూసుకొని గడప దగ్గరి నుంచే చూడండి. రాతి మీది శాసనాల కోసం కొంచెం ఓపికగా వెతకాలి. వీటిలో అన్నిటికంటే పాతవి పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలానివి, అంటే కోట చరిత్ర పదకొండో శతాబ్దం చివరికి పోతుంది. విజయనగర రాజు బుక్కరాయల పేరిట ఉన్న సంస్కృత శ్లోకం ఈ దుర్గాన్ని దుర్గరాజమని పొగిడి, బుక్కరాజు సార్వభౌమత్వమనే చక్రానికి ఇది నాభి అని అంటుంది. కింది మైదానాన్ని, నాలుగు దిక్కులకూ పోయే దారులను పై నుంచి చూసినవారికి ఆ పొగడ్తలో అతిశయం పెద్దగా ఉన్నట్టు తోచదు.

శాసనాల మీద సుద్ద రుద్దడం, నీళ్లు చల్లడం చేయకండి. అక్షరాలు కనిపించకపోతే వాటి మీదికి టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే నీడలు పడి తేలిపోతాయి. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి గోడల మీద పేర్లు చెక్కడం నేరం. మరో మాట. రాయలసీమ కోటల్లో గుప్తనిధుల కోసం తవ్వేవారి బెడద ఉన్నది అందరికీ తెలిసిందే. చీకటి పడ్డాక కొండ మీద తచ్చాడేవారిని ఊరివారు అనుమానంగా చూస్తే అందులో వింత లేదు. పదకొండు, పదకొండున్నరకు దిగడం మొదలుపెడితే ఎండకూ చిక్కరు, అనుమానానికీ చిక్కరు.

దిగిన తరువాత సంగటి

మధ్యాహ్నం ఒంటిగంట లోపల కింద ఉంటారు. ఇప్పుడు రాగి సంగటి తినాలి. ప్రతి హోటలులోనూ దొరకదు. ఉదయం పలహారం చేసినప్పుడే ఎక్కడ సంగటి చేస్తారో అడిగి, ఎంతమంది వస్తారో చెప్పి పోతే వేడిగా ఉంచుతారు. నలుగురైదుగురు ఒక్కసారిగా వచ్చి అడిగితే అప్పటికప్పుడు చేసి పెట్టడం ఎవరికీ కుదరదు, ఎందుకంటే ఆ వంటలో తొందర పనికిరాదు. నూకలు మెత్తగా ఉడికాక పైన రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి సన్నసెగ మీద పిండి ఉడికేదాకా ఆగి, ఆ తరువాత కట్టెతో ఉండలు లేకుండా గెలకాలి. పచ్చిపిండి వాసన ఉంటే ముద్ద సరిగా ఉడకలేదన్న మాట. చేతికి అంటకుండా, తుంచితే తేలికగా విడిపోతే సరైన సంగటి.

దానిలోకి నాటుకోడి పులుసు ఉంటే అది మొదటి ఎంపిక. నాటుకోడి ముక్క పళ్లకు కొంచెం పని చెబుతుంది. మరీ మెత్తగా ఊడిపోతే అది ఫారం కోడి అని అనుమానించవచ్చు. మాంసం తిననివారికి ఆకుకూర పప్పు, ఊరిబిండి, పచ్చి ఎర్రగడ్డ ఉంటే ఏ లోటూ లేదు. ఉదయం పొడితో సరిపెట్టుకున్నారు కాబట్టి ఊరిబిండిని ఇప్పుడు తృప్తిగా తినండి. ముద్దను చిన్నగా తుంచి, బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి, నమలకుండా మింగడం పద్ధతి. చెంచా అడిగితే ఇస్తారు గాని, దానితో తింటే సంగటి రుచి సగమే తెలుస్తుంది. చివర మజ్జిగ తాగి, గంటసేపు నీడలో కూర్చోండి. ఓళిగలు (బొబ్బట్లు) దొరికితే ఒకటి మూట కట్టించుకోండి, ఈ భోజనం మీద అవి పట్టవు.

సాయంత్రం మిగిలితే

మూడింటికి బయలుదేరగలిగితే ఎర్రగుడి చూడకుండా వెనక్కి పోవద్దు. గుత్తి నుంచి పత్తికొండ పోయే రోడ్డు మీద సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, కర్నూలు జిల్లా హద్దు దాటగానే, ఏనుగుకొండ అనే చిన్న గుట్ట బండల మీద అశోకుని శాసనాలున్నాయి. పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలతో పాటు చిన్న శాసనం కూడా ఒకే చోట ఉండటం దీని ప్రత్యేకత. ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కిన ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, వాటి పక్కవి కుడి నుంచి ఎడమకూ సాగుతాయి. రెండో ప్రధాన శాసనం దారుల వెంట బావులు తవ్వించామనీ, మనుషులకూ పశువులకూ నీడనిచ్చే చెట్లు నాటించామనీ చెబుతుంది. పొద్దుటి నుంచి కొండ మీద ఎండలో తిరిగి వచ్చిన మీకు ఆ రాజాజ్ఞ ఎందుకో విడమరచి చెప్పనక్కరలేదు. గుట్ట చిన్నదే కాబట్టి అలసిన కాళ్లకు పెద్ద శ్రమ ఉండదు.

జూన్‌లో తొలకరి వానలు పడిన రోజుల్లో ఈ దారిన వెళ్తే, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం తలలు వంచుకొని నేల చూస్తూ నడుస్తుంటారు. వానకు పైకి తేలే వజ్రాల కోసం వెతికేవారు వారు. వారితో కలిసి మీరూ దిగాలనిపిస్తే ముందు ఆ పొలం యజమానిని అడగండి.

ఎర్రగుడికి గుత్తి నుంచే ఆటో మాట్లాడుకొని, అక్కడ గంటసేపు ఆగి వెనక్కి తీసుకురావడానికి కలిపి బాడుగ ముందే తేల్చుకోండి; ఒక్కవైపుకు మాత్రమే మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి పత్తికొండ బస్సు కోసం రోడ్డు మీద ఎదురుచూడవలసి వస్తుంది. చలికాలంలో ఆరింటికే చీకటి పడుతుంది కాబట్టి ఐదున్నరకు గుట్ట దిగండి. అనంతపురం, కర్నూలు వారికి గుత్తి బస్టాండులో రాత్రి దాకా బస్సులు ఉంటాయి. కడపవారు మాత్రం తమ రైలు వేళను బట్టి ఎర్రగుడికి వెళ్లాలో వద్దో మధ్యాహ్నం భోజనం దగ్గరే తేల్చుకోవాలి, గుత్తి ఆర్.ఎస్. చేరడానికి కావలసిన అరగంటను ఆ లెక్కలో కలుపుకోవడం మరువకండి.